అత్తయ్య కోసం చూసిన ఇల్లు

మా నాన్న శ్రీరామమూర్తి గారికి బతుకులో ఒక్కసారైనా ఫారిన్ వెళ్ళిరావాలని కోరిక. సెక్రటేరియట్‌లో సూపరింటెండెంటు ఉద్యోగానికి లండన్లూ ప్యారిస్‌లూ ఎక్కడివి? అందుకని నేపాల్‌ని పట్టుకున్నారు. పాస్‌పోర్టు అక్కర్లేదు, మన రూపాయే చెల్లుతుంది, పైగా ఎవరడిగినా ఫారిన్ వెళ్ళొచ్చామని దర్జాగా చెప్పుకోవచ్చు. అరవై ఎనిమిది వేసవిలో ఖాట్మండు వెళ్దామని ఆయన ఇంట్లో అన్నారో లేదో, నాంపల్లిలో మా వీధి వీధంతటికీ తెలిసిపోయింది. పాలవాడితో సహా అందరికీ ఆయనే చెప్పారు.

నిజానికి నేను చెప్పదలచుకున్నది నాన్న గురించి కాదు, మా మేనత్త కామాక్షి గురించి. కానీ అత్తయ్య గురించి ఏం మొదలుపెట్టినా నాన్న ముందొచ్చి కుర్చీ వేసుక్కూర్చుంటారు. బతికున్నన్నాళ్ళూ ఇంట్లో కూడా అంతే.

అత్తయ్య నాన్న కంటే పెద్దది. కాపరానికి వెళ్ళకముందే భర్త పోయాడు. తెనాలిలో పుట్టింట్లోనే ఉండిపోయి, తల్లీ తండ్రీ దాటిపోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో గుమాస్తాలకి డేరాల్లో కాపరాలు కదా, ఆ డేరాలో కూడా ఒక మూల తడికె కట్టించుకుని, ఇటుకలు పేర్చి పొయ్యి చేసుకుని మడిగానే వండిందట. గాలికి డేరా ఎగిరిపోయిన రోజున కూడా పప్పు మాడలేదని నాన్న ఆఫీసులో గొప్పగా చెప్పేవారు.

ఆవిడ మడి ఎట్లాంటిదో తెలియనివాళ్ళకి చెప్పాలి. తెల్లారకముందే స్నానం చేసి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసుకున్న చీర కర్రతో తీసి కట్టుకునేది. అది కట్టుకున్నాక వంట పూర్తయ్యేదాకా ఎవరూ ఆవిణ్ణి ముట్టుకోకూడదు, వంటింటి గడప దాటకూడదు. వంటకి నీళ్ళు తనే తోడుకోవాలి, ఇంకొకరు తెస్తే పనికిరావు. కొళాయి నీళ్ళు అసలే పనికిరావు, కొళాయి లోపల తోలు వాషరుంటుంది కాబట్టి. మా అమ్మ జానకికి తన ఇంట్లో చెంచాడు ఉప్పు కావాలన్నా గడప ఇవతల నిలబడి, "వదినా, కాస్త ఉప్పు" అని అడగాల్సిందే. మొదట్లో అమ్మకి కష్టంగానే ఉండేదట. తర్వాత హాల్లో ఫ్యాను కింద వారపత్రిక చదువుకుంటూ ఆ కష్టాన్ని ఎట్లాగో భరించింది.

యాభై ఆరులో హైదరాబాదు వచ్చినప్పుడు నాన్న ఇల్లు వెతికిందీ ఆ లెక్కనే. గన్‌ఫౌండ్రీలో చక్కని మేడ దొరికింది, కానీ బావి లేదు. గౌలిగూడలో బావి ఉంది, వంటిల్లు వీధి వైపుంది. చివరికి నాంపల్లిలో పెంకులు కారే ఈ మూడు గదుల ఇల్లు ఖాయం చేశారు. పెరట్లో బావి, బావి పక్కనే విడిగా వంటిల్లు. వానొస్తే హాల్లో గిన్నెలు పెట్టుకునేవాళ్ళం. ఎవరైనా ఇదేం ఇల్లండీ అంటే, "మా అక్కయ్య కోసం తీసుకున్నాం" అనేవారు నాన్న. ఆ మాట ఆయన నోట ఎంత హాయిగా పలికేదంటే, పక్కన వింటున్న నాకు ఒళ్ళు మండిపోయేది. అక్కయ్య కోసం ఇల్లు, అక్కయ్య కోసం బావి, అక్కయ్య కోసం కొత్త ఇత్తడి గుండిగ. ఆ గుండిగలో వండేది మాత్రం మా అందరి కోసం.

ఇక నేపాల్ విషయానికొస్తాను. నాన్నకి తెలిసినవాడు రామచందర్ అని గన్‌ఫౌండ్రీ మనిషి, నేపాల్లో రోడ్లు వేసే పనుల్లో ఓవర్సీరు. సెలవు మీద వచ్చి ఉన్నాడు, మళ్ళీ వెళ్ళిపోతూ మాకోసం అక్కడ ఇల్లు మాట్లాడిపెడతానన్నాడు. ఒక ఆదివారం పొద్దున మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. అత్తయ్య పెరటి తలుపు చాటున నిలబడి వింటోంది.

"హోటలు మాట మాత్రం ఎత్తకండి," అన్నారు నాన్న. "మా అక్కయ్య బయట మెతుకు ముట్టదు. మేం దిగి, వండుకుని తినడానికి వీలుగా ఇల్లు కావాలి. వంటిల్లు బాగుంటే చాలు, మిగతాది ఎట్లా ఉన్నా సర్దుకుంటాం."

"నాకెర్కనే సార్. గందుకే ఆడ నాకెర్కున్న మూడిండ్లు అనుకొని పెట్టిన," అన్నాడు రామచందర్. "పాటన్ దిక్కు ఒక బంగ్లా ఉన్నది. తోటున్నది, మంచాలు, కుర్చీలు, గిన్నెలు అన్నీ ఆళ్ళయే. జర ఒకటే ఇబ్బంది. ఇంతకుముందు తెల్లదొరలున్నరు అండ్ల."

"మాంసం వండారా?" అన్నారు నాన్న.

"వండకుంటె దొరలేం తింటరు సార్?"

పాటన్ బంగ్లా అక్కడికి సరి. అమ్మకి తోట మీద కాస్త మనసుపోయింది గానీ పైకి అనలేదు.

"ఇగ రెండోది ఊరి నడిమిట్ల ఉన్నది. నాలుగంతస్తుల పాత ఇల్లు, చెక్కపని మస్తుంటది. మీది కిటికీలకెల్లి సూస్తే మంచుకొండలు కనబడ్తయి. వంటిల్లు అన్నిటికన్న మీద, కప్పు కింద ఉంటది. గాడోళ్ళ ఆచారమే గట్ల. పరాయోళ్ళను వంటింట్లకు రానియ్యరు, గందుకే గంత మీద కట్టుకుంటరు."

నాన్న కుర్చీలోంచి సగం లేచారు. "విన్నావా జానకీ? మడంటే అదీ. మనవాళ్ళకి గడప దగ్గరే కాపలా, వాళ్ళు ఏకంగా మేడమీద పెట్టుకున్నారు. అక్కయ్య కోసమే కట్టినట్టుంది."

"నీళ్ళు?" అంది అత్తయ్య తలుపు వెనకనుంచి. ఆవిడ అడిగింది ఆ ఒక్క మాటే.

"నల్లా కాదమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. కింద గల్లీల రాతి ధార ఉన్నది. ఊట నీళ్ళు, రాత్రి పగలు పారుతనే ఉంటయి."

"తోలు వాషరు బెడద కూడా లేదు," అని నాన్న పొంగిపోయారు.

నాకు ఆగలేదు. "గల్లీలోంచి నాలుగో అంతస్తుకి ఆ నీళ్ళు ఎవరు మోస్తారు?" అన్నాను.

"మడినీళ్ళు ఇంకొకరు మోస్తే పనికొస్తాయా, పిచ్చి మొహమా?" అన్నారు నాన్న.

"మెట్లు బాగుంటాయా మరి?"

"మెట్లేడివి అమ్మా," అన్నాడు రామచందర్, "నిచ్చెనలే."

ఆ మాట నాన్న చెవిన పడలేదు. అప్పటికే ఆయన ఆ కిటికీలో నిలబడి మంచుకొండలు చూస్తున్నారు. రామచందర్ లేచి చెప్పులు వేసుకుంటూ, "ఇంకొకటున్నదిగని మీకు పనికిరాదు," అన్నాడు. "పశుపతినాథుని గుడి దగ్గర, నది ఒడ్డుకు. రెండర్రలు, అంతే. వంటిల్లే లేదు. గుడి పూజార్లు కన్నడోళ్ళే గద, ఇంటామె గూడ కన్నడ బ్రాహ్మలామె, పెద్దమనిషి. మడి కట్టుకొని వండి, వచ్చినోళ్ళకు పెడ్తది."

"వంటిల్లు లేని ఇల్లేవిటండీ," అని నాన్న నవ్వి అతన్ని వీధి గుమ్మం దాకా సాగనంపారు.

తిరిగొచ్చేసరికి అత్తయ్య హాల్లో నిలబడి ఉంది. వంట మధ్యలో మడిచీరతో ఆవిడ హాల్లోకి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ మూడో ఇల్లు తీసుకోరా, శ్రీరామూ," అంది.

"అందులో వంటిల్లు లేదక్కయ్యా."

"విన్నాను. అందుకే తీసుకోమంటున్నాను."

నాన్న అమ్మ వంక చూశారు, నా వంక చూశారు. "ఎవరో వండింది నువ్వు తింటావా?"

"ఎవరో ఏమిటి? బ్రాహ్మలావిడ, మడి కట్టుకుని వండుతుందిట కదా. నేను మడి వంటే తింటాను. అది నేనే వండాలని ఏ శాస్త్రంలో ఉంది?"

ఆ ప్రశ్న మా ఇంట్లో అంతవరకూ ఎవరికీ రాలేదు. అత్తయ్యకి మడి, కాబట్టి అత్తయ్య వండుతుంది. రెండూ ఒకటే అనుకున్నాం. విడదీసి చూస్తే రెండూ వేరు వేరు సంగతులు. అమ్మ ముఖం కందగడ్డయింది. "నేను వండనని ఎప్పుడైనా అన్నానా వదినా? మీరే కదా గడప దాటనివ్వలేదు," అంది.

"నిన్నేం అనడం లేదు జానకీ. నువ్వు దాటుతానని అడగలేదు, నేను దాటమని చెప్పలేదు. ఇద్దరికీ అట్లా జరిగిపోయింది." అత్తయ్య నాన్న వైపు తిరిగి అంది. "నాకు పశుపతినాథుణ్ణి చూడాలని ఉంది. దాని కంటే ఎక్కువగా, ఆ నాలుగు రోజులూ పొయ్యి మొహం చూడకుండా ఉండాలని ఉంది. నా పన్నెండో ఏటనుంచి పొయ్యి దగ్గరే ఉన్నాను. విసుగొచ్చిందిరా."

అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చారు పొంగుతోందని కాబోలు.

విసుగొచ్చిందనేది చాలా చిన్న మాట. కానీ అత్తయ్య తనకి ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం నాకు తెలిసి అదే మొదలు. నాన్న ఆ సాయంత్రమంతా ఖాట్మండు ఊసెత్తకుండా వీధి అరుగు మీద పచార్లు చేశారు. నేను ఆయనకి అర్థమైందనుకుని సంతోషించాను. రెండ్రోజులు పోయాక చూస్తే, పక్కవాటా సదాశివ గారితో గోడ దగ్గర నిలబడి, "పై అంతస్తు కిటికీలోంచి హిమాలయాలేనండీ, చెయ్యి చాస్తే అందుతాయిట," అంటున్నారు.

"నాన్నా, ఏ ఇల్లు చెప్పారు రామచందర్ గారికి?" అన్నాను.

"అదే, నాలుగంతస్తులది. మీ అత్తయ్య ఏదో మాట వరసకి అంది. అక్కడికెళ్ళాక ఆ వంటిల్లు చూసి తనే మురిసిపోతుంది. ఆవిడ కోసమే కదా."

నేను అక్కడ ఒక్క క్షణం ఉంటే ఏదైనా అనకూడని మాట అనేసేదాన్ని. తిన్నగా వంటింటి గడప దగ్గరికి పోయి అత్తయ్యకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ గరిటె ఆపకుండా వింది. "రామచందర్ ఎప్పుడు వెళ్తున్నాడు?" అంది. రేపు పొద్దున అన్నాను. వంట ముగించింది, అందరికీ వడ్డించింది, వంటిల్లు సర్దింది. తర్వాత మడి విడిచి తెల్ల నేతచీర కట్టుకుని వచ్చి, "వాళ్ళిల్లు నీకు తెలుసుగా, పద," అంది.

నాంపల్లి నుంచి గన్‌ఫౌండ్రీకి ఆబిడ్స్ మీదుగా నడిచాం. రిక్షా పిలుస్తానంటే వద్దంది. ఊరొచ్చి పన్నెండేళ్ళయినా అత్తయ్య ఆబిడ్స్‌ని చూసింది రిక్షా పరదా సందులోంచే. అందుకని ప్రతిదాని దగ్గరా ఆగింది. బట్టల దుకాణం అద్దం వెనక నిలబెట్టిన బొమ్మని పైనుంచి కిందదాకా చూసి, "దీనికి చీర ఎవరు కట్టారే? కుచ్చిళ్ళు తిన్నగా లేవు," అంది. పుస్తకాల కొట్టు దాటాం. ఒక శాకాహార హోటలు ముందు మాత్రం కదల్లేదు. లోపల మా అమ్మ ఈడు ఆడమనిషి ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. సర్వరు దోసె తెచ్చి ముందు పెట్టాడు, నీళ్ళు పోశాడు, ఇంకేం కావాలని అడిగాడు. ఆవిడ ఏదో చెప్పింది, అతను వెళ్ళి తెచ్చాడు.

"అక్కడ తినాలనుందా అత్తయ్యా?" అన్నాను. అడగడానికే భయమేసింది.

"ఛీ, తినాలని కాదు," అంది. "అట్లా కూర్చోవాలని."

నాకు ఏడుపొచ్చింది. నడిబజార్లో ఏడిస్తే బాగుండదని బొమ్మలకేసి చూస్తూ నడిచాను.

రామచందర్ ఇంటి ముందు పెట్టెలు కట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి గబగబా కుర్చీ తెప్పించాడు. "ఏందమ్మా, గింత దూరం నడిసొచ్చిన్రా? సార్‌కు చెప్పి పంపితే నేనే వస్తుంటి గద."

"ఇల్లు మార్చాలి నాయనా," అంది అత్తయ్య. "గుడి దగ్గర ఇల్లు మాట్లాడు."

"సార్ గట్ల చెప్పలే. మా అక్క కోసం మీదంతస్తుల వంటిల్లున్న ఇల్లే తీస్కొమ్మన్నడు."

"అక్క కోసమైనప్పుడు అక్కనే అడగాలి. అడగలేదు కాబట్టి నేనే వచ్చి చెబుతున్నాను."

రామచందర్ తాడు ముడి వేస్తూ ఆగిపోయాడు. మనిషి ఇబ్బందిలో పడ్డాడు, పాపం. "ఔ గని, సార్ నన్నడిగితే ఏం చెప్పాలె?"

"నువ్వేం చెప్పొద్దు. నేను చెప్తాను."

ఆ రాత్రి నాన్నకి ఫలహారం పెడుతూ, "ఇల్లు మార్చానురా," అంది. నాన్నకి పొలమారింది. ఎప్పుడు, ఎట్లా, ఎవరితో వెళ్ళావు అని అడిగి, నన్ను ఉరిమి చూసి, చివరికి అసలు బాధ బయటపెట్టారు. "మరి మంచుకొండలు?"

"గుడి దగ్గర నిలబడి మెడ ఎత్తు. కొండలు పారిపోతాయా?" అంది అత్తయ్య.

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న ప్రయాణం రోజుదాకా ముభావంగానే ఉన్నారు. తన ఫారిన్‌ని ఎవరో సగం కోసి పట్టుకుపోయినట్టు తిరిగారు. సదాశివ గారితో మాత్రం కిటికీ సంగతి మార్చి చెప్పలేదు.

రైళ్ళు మారి మారి రక్సౌల్‌లో దిగి, అక్కణ్ణుంచి కొండల్లో బస్సులో పడి ఖాట్మండు చేరాం. దారి పొడుగునా అత్తయ్య అటుకులూ అరటిపళ్ళతో గడిపింది. ఇంటావిడ పుట్టిల్లు బళ్ళారిట, తెలుగు చక్కగా మాట్లాడింది. గదులు చిన్నవి, చలి బాగా ఉంది, అయినా కింద నది కనిపిస్తోంది. అత్తయ్య స్నానం చేసి వచ్చి, అలవాటు కొద్దీ వంటిల్లెక్కడని చూసి, లేదని గుర్తొచ్చి వసారాలో కూర్చుంది. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుంది, కాసేపు కొంగు సర్దుకుంది. చేతులకి ఏం పని చెప్పాలో ఆవిడకి తెలియలేదు.

అవతలి భాగంలోంచి ఇంటావిడ పదార్థాలు తెచ్చి విస్తళ్ళు వేసింది. నలుగురం కూర్చున్నాం. అత్తయ్య విస్తరి కాస్త ఎడంగా. పప్పు, ఏదో ఆకుకూర, మజ్జిగ. ఆవిడ అత్తయ్య దగ్గరికొచ్చి వంగి, "ఇవాళ ఉన్నదేదో చేశానమ్మా. రేపు నీకిష్టమైంది చేస్తాను. ఏదంటే ఇష్టం నీకు?" అంది.

అత్తయ్య విస్తరి అంచు సర్దుకుంది. వినపడలేదేమోనని ఆవిడ మళ్ళీ అడిగింది.

"అక్కయ్యకి అరటికాయ వేపుడంటే ప్రాణమండీ," అన్నారు నాన్న.

"అది నీకురా," అంది అత్తయ్య.

"కందిపచ్చడి కదూ వదినా?" అంది అమ్మ.

"అది నీకు, జానకీ."

నేను చెప్పబోయి నోరు మూసుకున్నాను. నాకు తట్టిన పులిహోర నాకిష్టమైనదే. ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. అత్తయ్య చేతి వంట తిని పెరిగినదాన్ని, ఆవిడకేది ఇష్టమో నాకు తెలియదు. ఆవిడ కోసమే ఇళ్ళు వెతికిన నాన్నకీ తెలియదు. నాన్న తలవంచుకుని విస్తట్లో అన్నాన్ని అటూ ఇటూ జరిపారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అత్తయ్య మాత్రం బాధపడుతున్నట్టు లేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు నది వైపు చూస్తూ ఆలోచించింది. తర్వాత ఇంటావిడతో అంది. "ఏదైనా ఫరవాలేదమ్మా. పొయ్యి మీంచి దించగానే నాకు పెట్టు. వేడన్నం తిని ఎన్నేళ్ళయిందో. అందరూ తిని లేచాక, నేను కూర్చునేసరికి చల్లారిపోతుంది."

మర్నాడు ఇంటావిడ గిన్నె దించి, పొగలు కక్కుతున్న అన్నం ముందు అత్తయ్య విస్తట్లో పెట్టింది. దాని మీద పప్పు, నెయ్యి వేసింది. అత్తయ్య చెయ్యి పెట్టి, కాలి, వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టింది. ముద్ద ఊదుకుని ఊదుకుని తింది. మా విస్తళ్ళలోనూ వడ్డించారు. నాన్న చెయ్యి కడుక్కుని కూర్చుని, తన అన్నం ముట్టుకోకుండా ఆవిణ్ణే చూస్తున్నారు. కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోవడం లేదు.

"చల్లారిపోతుందిరా శ్రీరామూ, తిను," అంది అత్తయ్య.

"తింటాలే అక్కయ్యా," అన్నారు నాన్న. "నువ్వు ముందు కానీ."